ఇష్టంగా తొక్కేవాడు, తప్పక తొక్కేవాడు

రెండేళ్ళ కిందట సైకిలు కొన్న సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. వీడియో కాల్ మాట్లాడుతుంటే నా వెనకాల గోడకు ఆనించి ఉన్నది అమ్మ కంట పడింది. ఆవిడ నాయనకు చెప్పింది. నాయన ఫోను తీసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు.

"డబ్బులకేమన్నా ఇబ్బందిగా ఉందా?"

"లేదు నాయనా. ఆఫీసుకి దీని మీదే పోతన్నా."

"దేనికి?"

ఆ 'దేనికి' అన్నదానికి నా దగ్గర చాలా జవాబులున్నాయి. ట్రాఫిక్కు, పొగ, పొట్ట, పెట్రోలు. అన్నీ చెప్పాను. ఆయన వింటూనే ఉన్నాడు. చివరికి "నేను తొక్కింది చాలదా" అని ఫోను అమ్మకిచ్చేశాడు.

ఆ మాట మీద నాకు మొదట కోపమొచ్చింది. పాతకాలం మనిషి, ఆయనకేం తెలుసు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవట్లేదు. సైకిలు గురించి నేను చదివిన పుస్తకాల కన్నా గట్టి ప్రశ్న ఆయన వేశాడని అర్థం కావడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

*

మాది పుల్లలచెరువు. మార్కాపురం వైపు, నల్లమల అంచున. పేరులో చెరువుంది గానీ మా వైపు ఊళ్ళ కథంతా నీళ్ళ కోసం ఎదురుచూపే. వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. నేను డిగ్రీ పూర్తిచేసి ఊరు విడిచేనాటికి కూడా ఆ నీళ్ళు మా చేలకు రాలేదు. బోర్లు ఎండితే మనుషులు కదులుతారు. యర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా హైదరాబాదు బస్సెక్కి వచ్చేసినవాళ్ళు మా వైపు ఇంటికొకరైనా ఉంటారు. కొందరు నాలా లాప్‌టాప్ సంచితో, చాలామంది తాపీ పనికో, వాచ్‌మన్ పనికో.

నాయన పక్కూళ్ళో ఎరువుల కొట్లో గుమాస్తా. పొద్దున్నే సైకిలెక్కితే పొద్దుగూకినాక దిగేవాడు. ఎండాకాలం మా వైపు గాడ్పు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఎదురుగాలిలో సైకిలు తొక్కడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. సెలవు రోజున కూడా దానికి విశ్రాంతి లేదు. హ్యాండిలుకి అటొకటి ఇటొకటి, క్యారేజీ మీద ఒకటి, మూడు బిందెల నీళ్ళు మోసేది. నాకు జ్వరమొస్తే ముందు కడ్డీకి తువాలు చుట్టి దాని మీద కూర్చోబెట్టుకుని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయేవాడు. ఆ సైకిలు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు నేర్చుకున్నాను. నాకది ఆట. ఆయనకు కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన వాయిదాల మీద టీవీఎస్ ఫిఫ్టీ కొన్నాడు. సైకిలును పాత సామాన్లవాడికి వేయలేదు. శుభ్రంగా తుడిచి, చైనుకు నూనె పెట్టి, దొడ్లో గోడ పక్కన నిలబెట్టాడు. మళ్ళీ ఒక్కసారి కూడా ఎక్కలేదు.

అంటే ఆయన దృష్టిలో నేను హైదరాబాదులో, ఇంజనీరు ఉద్యోగంలో, ఆ గోడ పక్కనున్న దాన్ని మళ్ళీ బయటికి తీశాను.

*

సైకిలు ఎప్పుడూ పేదవాడి బండి అయితే ఈ కథ ఇంత చిక్కుగా ఉండేది కాదు. ఒకప్పుడు కట్నంలో వాచీ, రేడియోలతో పాటు సైకిలు అడిగేవాళ్ళు. పంచాయతీకి ఏటా సైకిలు పన్ను కట్టి బిళ్ళ తగిలించుకునేవాళ్ళు. రాత్రిపూట లైటు లేకుండా పోతే పోలీసులు పట్టుకునేవాళ్ళు. ఊరికి సైకిలు మీద వచ్చే పంతులుగారంటే ఒక హోదా. ఆ హోదాకి ఇంకో మొహం కూడా ఉంది. దేశంలో చాలా ఊళ్ళలో దళితులు పెద్దకులాల వీధిలోకి రాగానే సైకిలు దిగి నడిపించుకుంటూ పోవాల్సి వచ్చేది. అదే సైకిలు 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగమైంది. వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు అక్షరాలతో పాటు సైకిలు తొక్కడం నేర్చుకుని, ఎవరినీ అడగకుండా బజారుకు పోగలిగారు. మన దగ్గర కూడా హైస్కూలు ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద సైకిళ్ళిచ్చారు.

ఒకే వస్తువు ఒకరి చేతిలో గర్వం, ఒకరికి నిషేధం, ఒకరికి విడుదల, మా నాయనకు అవమానం. సైకిలుకు దానంతట దానికి గౌరవం గానీ అగౌరవం గానీ లేదు. పక్కన ఏ బండి పోతోంది, ఎవరు దిగాలి, ఎవరు పక్కకు జరగాలి అనేదాన్ని బట్టి దానికి విలువ వస్తుంది, పోతుంది. పంతులుగారి సైకిలు పక్కన స్కూటరు లేదు. మా నాయన సైకిలు పక్కన దుమ్ము రేపుకుంటూ పోయే షావుకారు మోటారు బండి ఉంది.

ఫ్రెంచి రచయిత ఆంద్రే గోర్జ్ 1973లో కారు మీద ఒక వ్యాసం రాశాడు. కారు సముద్రపొడ్డున బంగళా లాంటిదంటాడు. కొద్దిమందికి ఉన్నంతవరకే దాని సుఖం. అందరూ తలా ఒక బంగళా కట్టుకుంటే ఎవరికీ సముద్రం కనపడదు. సాయంత్రం ఆరున్నరకు గచ్చిబౌలిలో ఆగిపోయిన బండ్ల మధ్య నిలబడితే ఈ మాట ఎవరూ వివరించనక్కర్లేదు. ఒక్కో కారులో ఒక్కో మనిషి, చేతిలో ఫోను, ముందర ఇంకో కారు.

అదే రోజుల్లో ఇవాన్ ఇలిచ్ 'ఎనర్జీ అండ్ ఈక్విటీ' రాశాడు. సగటు అమెరికన్ మగవాడు కారు నడపడానికే కాకుండా దాన్ని కొనడానికి, దాని పెట్రోలు, ఇన్సూరెన్సు, జరిమానాలు కట్టడానికి పనిచేసే గంటలన్నీ కలిపాడు. ఏడాదికి 1,600 గంటలు తేలింది. ఆ గంటల్లో అతను పోయింది 7,500 మైళ్ళు. గంటకు ఐదు మైళ్ళు కూడా లేదు. అంటే దాదాపు నడకే. ఒక హద్దు దాటిన వేగం కొందరికి సమయం మిగిల్చేది మిగతావాళ్ళ సమయం తినేసే అని ఇలిచ్ వాదన.

నేను సైకిలు కొన్నది ఆ పుస్తకం చదివే. నల్లగండ్లలో మా గది నుంచి గోపనపల్లి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఆఫీసుకు దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. పొద్దున పూట కారులో పోయే నా టీమ్ లీడ్ కంటే చాలా రోజులు నేనే ముందు చేరతాను. ఇలిచ్ గెలిచాడని అనుకునేవాణ్ణి.

కానీ నాయన ప్రశ్నకు ఇలిచ్ దగ్గర జవాబు లేదు. కారు దాకా పోయి వెనక్కి తిరిగిన సమాజంతో ఇలిచ్ మాట్లాడుతున్నాడు. టీవీఎస్ ఫిఫ్టీ వాయిదాలు కట్టిన మనిషికి "వేగం మోసం సుమా" అని చెప్పడం, తిని చేయి కడుక్కున్నవాడు పస్తున్నవాడికి ఆహార నియమాలు చెప్పినట్టుంటుంది.

*

మా ఆఫీసు పేరు అనవసరం. ఒక పర్యావరణ దినం నాడు సైకిలు మీద వచ్చే ఉద్యోగులు ఎవరని అడిగి, దొరికిన ముగ్గురి ఫొటోలు లిఫ్టుల దగ్గరి స్క్రీన్ మీద వేశారు. నాదీ ఉంది, హెల్మెట్టు పెట్టుకుని. బేస్‌మెంట్‌లో ఒక పిల్లరు పక్కన మా కోసం స్టీలు స్టాండు పెట్టారు. పైన ఒక ఆకుపచ్చ బోర్డు. రెండు మూడు వారాలు జనం లిఫ్టులో గుర్తుపట్టి "సూపర్ బ్రో" అన్నారు. నిజం చెప్పాలంటే బాగుంది.

ఆ బిల్డింగుకు సైకిలు మీద వచ్చేది ముగ్గురు కాదు. హౌస్‌కీపింగ్, గార్డెనింగ్, క్యాంటీన్ వాళ్ళలో కనీసం పది పన్నెండు మంది రోజూ సైకిలు మీదే వస్తారు. వాళ్ళ సైకిళ్ళు కాంపౌండు గోడ బయట కానుగ చెట్టు కింద, కంచెకు గొలుసులేసి ఉంటాయి. నేను రోజూ ఆ చెట్టు పక్క నుంచే లోపలికి మలుపు తిరిగేవాణ్ణి.

వాళ్ళలో ఒక పెద్దాయన ఓ సాయంత్రం గేటు దగ్గర ఆపి అడిగాడు. "సార్, మీ సైకిలు ఎంత పడ్డది?" అది ముప్పై రెండు వేలు. నా నోటెంట వచ్చింది మాత్రం "పన్నెండు". ఆయన "పన్నెండేలా!" అని దాన్ని ఇటూ అటూ చూశాడు. ఆయన మాట తీరు వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది. అడిగితే త్రిపురాంతకం దగ్గర. నాది పుల్లలచెరువని చెప్పగానే 'సార్' పోయి 'అబ్బాయ్' వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే ఆరింటి షిఫ్టుకి, దోవలో టీ తాగి, అందుకుంటాడట. "బస్సులు ఆ టైముకి ఉండవు. ఆటోకిస్తే ఇంకేం మిగులుద్ది."

ఆయన సైకిలు, నా సైకిలు ఒకే రోడ్డు మీద, ఒకే ఎడమ అంచున, ఒకే గుంతలు తప్పించుకుంటూ వస్తాయి. మరి స్క్రీన్ మీద నా ఫొటో ఎందుకుంది, ఆయనది ఎందుకు లేదు?

అమర్త్య సేన్ దీనికి దగ్గరి ఉదాహరణ ఒకటి వాడతాడు. ఉపవాసం చేసేవాడు, తిండి లేక ఆకలితో ఉన్నవాడు. ఇద్దరి కడుపులోనూ అన్నం లేదు. అయినా ఇద్దరి స్థితీ ఒకటి కాదు. మొదటివాడికి తినే వీలుంది, వద్దనుకున్నాడు. రెండోవాడికి వద్దనుకునే వీలే లేదు. తెలుగులో ఆ రెంటికీ రెండు మాటలే ఉన్నాయి, ఉపవాసమని, పస్తని. సైకిలు విషయంలోనే మాట ఒకటే అయిపోయింది. నాది ఉపవాసం, ఆయనది పస్తు. ఉపవాసానికి దేవుడి పటం ముందు దండం ఉంటుంది. పస్తుకు ఏముంటుంది?

ఈ తేడా దేశమంతా కనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి జనం పనికి ఎలా వెళ్తారో అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు మినహా మిగతా పనులు చేసేవాళ్ళలో సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దాదాపు 13 శాతం. కారులో వెళ్ళేవాళ్ళు 3 శాతం లోపే. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా రోడ్లు బండ్ల కోసం కాకుండా మనుషుల కోసం అనే చెప్పింది. అయినా 2013లో కోల్‌కతా పోలీసులు నూటికి పైగా రోడ్ల మీద సైకిళ్ళను నిషేధించారు, ట్రాఫిక్కుకు అడ్డమని. 2020 మే నెలలో పదిహేనేళ్ళ జ్యోతి కుమారి, నడవలేని తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా దాదాపు 1,200 కిలోమీటర్లు తొక్కితే సైక్లింగ్ ఫెడరేషన్ ఆమెను ట్రయల్‌కి పిలిచింది. రైళ్ళూ బస్సులూ లేక ఆ పిల్ల పడ్డ పాటు మనకు క్రీడాప్రతిభలా కనిపించింది.

మన హైదరాబాదులో 2023 అక్టోబరు 1న అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ కప్పు. ఎండ తగలదు, కారు గుద్దదు. ఆదివారం పొద్దున నేనూ వెళ్ళాను, బాగుంది. అక్కడ చాలామంది సైకిలును కారు వెనక తగిలించుకుని వచ్చి, తొక్కి, మళ్ళీ కారుకి తగిలించుకుని పోతారు. దాన్ని తప్పుపట్టను. కానీ ఆ కప్పు కింద తొక్కుతున్నంతసేపూ నాలుగున్నరకు బయల్దేరే మనిషే గుర్తొచ్చాడు. ఆయన దోవ మీద కప్పు మాట అటుంచి, తెల్లగీత కూడా లేదు.

*

ఒకరోజు కంచె పని చేయడానికి వచ్చినవాళ్ళు చెట్టు కింద సైకిళ్ళన్నీ ఎత్తి ఒక పక్కన కుప్పగా పడేశారు. పెద్దాయన సైకిలు ముందు చక్రం రిమ్ము వంకరపోయింది, రెండు చువ్వలు ఊడాయి. ఆయన దాన్ని భుజాన వేసుకుని నడిచిపోతుంటే నేను బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కి బయటికొస్తున్నాను. ఆగాను. ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు.

మర్నాటి నుంచి నా సైకిలు కూడా చెట్టు కిందే పెట్టాను. గొప్ప పని చేస్తున్నాననే అనుకున్నాను. మూడో రోజు పెద్దాయన పిలిచాడు.

"అబ్బాయ్, నీది ఈడ పెడితే మాకేమొచ్చింది? నీడ ఉండేదే ఇంత, అందులో నీదొకటి. నువ్వు లోపల పెట్టుకో. నీ మాట చెల్లుద్ది గదా, మావి కూడా లోపల పెట్టించు."

నేను ఉపవాసానికి కూర్చున్నాను, ఆయన అన్నం సంగతి మాట్లాడాడు.

ఆలోచిస్తే నాకు తెలిసిన నైతికతంతా ఇంతకాలం నా ఒంటి చుట్టూనే తిరిగింది. నేను కారు కొనను, నేను పొగ వదలను, నేను చెట్టు కిందే పెడతాను. ఇందులో ఎక్కడా రెండోమనిషి లేడు. ఇష్టంగా తొక్కడం తప్పని ఆయన అనలేదు. ఆ ఇష్టం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుచేశాడు. నా జీతం, నా ఐడీ కార్డు, నేను రాసే మెయిల్‌కి ఎవరో ఒకరు జవాబివ్వడం, వీటివల్లే నాకు ఎంపిక ఉంది. ఎంపిక ఉన్నవాడి మీద ఒక బాకీ ఉంటుందేమో. తనకు దొరికినచోటు లేనివాళ్ళకు కూడా కావాలని అడగడం. తను వదులుకున్న సుఖాల లెక్క కంటే, తనకు చెల్లే మాటను ఎవరి కోసం ఖర్చుపెట్టాడన్న లెక్క ముఖ్యం.

నెదర్లాండ్స్ వాళ్ళు పుట్టుకతోనే సైకిలు జాతి అని మనమనుకుంటాం. 1950, 60లలో వాళ్ళూ కార్ల కోసం వీధులు పగలగొట్టినవాళ్ళే. 1971 ఒక్క ఏడాదిలో అక్కడి రోడ్ల మీద నాలుగు వందల మందికి పైగా పిల్లలు చచ్చిపోయారు. తర్వాత అమ్మానాన్నలు వీధుల్లోకి వచ్చారు. పిల్లల హత్యలు ఆపండి అన్నదే ఆ ఉద్యమం పేరు. ఇవాళ అక్కడ మనం చూసే సైకిలు దారులు మంచివాళ్ళు కారు మానేసినందువల్ల రాలేదు, మామూలు మనుషులు గట్టిగా అడిగినందువల్ల వచ్చాయి. అడగడానికి వాళ్ళకున్న కారణం, తమ పిల్లలు.

నాకు మెయిల్ రాయడానికి మూడు వారాలు పట్టింది. అది అప్రైజల్ నెల. రాసి, డ్రాఫ్టులో పెట్టి, అప్రైజల్ అయ్యాకే పంపాను. ఈ సంగతి ఇక్కడ రాయకపోతే పైన రాసిందంతా బడాయి అవుతుంది. కాంట్రాక్టు సిబ్బంది ఏజెన్సీ పరిధిలోకి వస్తారని జవాబు వచ్చింది. మిగతా ఇద్దరు సైకిలువాళ్ళ చేత కూడా రాయించాను. నాలుగు నెలలకు వెనక గేటు లోపల రేకుల షెడ్డు ఒకటి వేశారు. బేస్‌మెంట్‌లో మాత్రం కుదరదన్నారు. అంటే ఇప్పటికీ స్టీలు స్టాండు మాది, రేకుల షెడ్డు వాళ్ళది. "వాన పడదులే అబ్బాయ్" అన్నాడు పెద్దాయన. ఆయన అన్నంత తేలిగ్గా నేను సర్దుకోలేకపోతున్నాను. సర్దుకోకూడదని కూడా అనుకుంటున్నాను.

*

మొన్న కంటి ఆపరేషన్‌కి నాయన హైదరాబాదు వచ్చాడు. వారం రోజులు నా గదిలోనే ఉన్నాడు. మొదటి రెండు రోజులు గోడ పక్కనున్న సైకిలును చూడనట్టే తిరిగాడు. మూడో రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే వచ్చి, బొటనవేలితో వెనక టైరు నొక్కి చూసి, "గాలి చాల్లేదు" అన్నాడు. పంపు కొట్టాను. ముందొక లైటు, వెనకొక ఎర్ర లైటు వెలిగించి చూపించాను. దూరానికి కూడా కనపడతా, భయం లేదని చెప్పాను.

రాత్రి అన్నం తింటూ షెడ్డు కథంతా చెప్పాను, అప్రైజల్ సంగతితో సహా. త్రిపురాంతకం మనిషి అనగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని నాలుగు ప్రశ్నలు వేశాడు. నేను సైకిలు తొక్కడం ఆయనకు ఇప్పటికీ నచ్చలేదు. నచ్చిందని నేను కథ అల్లలేను. తిని, చేయి కడుక్కొచ్చి, మంచం మీద కూర్చుని కాసేపాగి అడిగాడు.

"ఆయన తెల్లారకముందే పోతాడన్నావే. ఆ సైకిలుకి లైటుందా?"

నాకు తెలియదు. ఏడాదిగా రోజూ ఆ సైకిలును చూస్తున్నాను.